389 డాలర్ల క్రూజ్, మా నాన్న చిట్టా పుస్తకం

క్రూజ్, అంటే షిప్ మీద విహారయాత్ర, యాడ్‌లో ఉన్నది మనిషికి 389 డాలర్లు. 5 రాత్రులు, టెక్సస్ గాల్వెస్టన్‌లో ఎక్కి మెక్సికోలో కొజుమెల్, ప్రోగ్రెసో చూసి మళ్లీ గాల్వెస్టన్‌లో దిగడం, తిండి పడక అన్నీ అందులోనే. అమ్మా నాన్న తెనాలి నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు, డాలస్ పక్కన మా ఫ్రిస్కోలో మాత్రం చూడ్డానికి ఏముంది, గుడి, కాస్ట్‌కో, మళ్లీ గుడి. సరే స్ప్రింగ్ బ్రేక్‌లో, అదే మార్చిలో స్కూలు సెలవుల్లో, వెళ్దాం అనుకున్నాం. అయిదుగురం, అయిదు 389లు, రెండు వేలలోపు అయిపోతుంది కదా అని మా ఆయన చెప్తుంటే నాన్న కళ్లజోడు సర్దుకున్నారు.

నాన్న కోఆపరేటివ్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ రాత్రి చిట్టా రాయకుండా పడుకోరు, పాల ప్యాకెట్ దగ్గర్నుంచి రాస్తారు. ఆయనన్న మాట ఏంటంటే, "ఇది మన కల్యాణమండపం అద్దె లాంటిదమ్మాయ్. అద్దె యాభై వేలే అంటాడు. దిగాక కరెంటు మీటరు వేరు, జనరేటర్ డీజిల్ వేరు, వంటసామాను వేరు, పెళ్లయ్యాక ఊడ్చినందుకు వేరు." వారం తర్వాత ఆ మాట అక్షరాలా నిజమైంది కాబట్టే ఇదంతా రాస్తున్నా, మన వాళ్లు చాలామంది పేరెంట్స్ వచ్చినప్పుడు ఇదే ట్రిప్ వేస్తారు కదా.

వెళ్లకముందే పోయినవి

ఆ 389 అనేది స్కూళ్లు నడిచే రోజుల్లో, కిటికీ లేని గదికి, ఒక గదిలో ఇద్దరు ఉంటే ఒక్కొక్కరికి. స్ప్రింగ్ బ్రేక్ డేట్ పెట్టగానే అదే గది మనిషికి 637 అయింది, పోర్ట్ ట్యాక్సులతో కలిపి. పాప మా గదిలోనే మూడో మనిషి కాబట్టి తనకి 437. అంటే 2,985. ఒకటి మంచి విషయం, కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన చట్టం పుణ్యమా అని ఇప్పుడు చాలా కంపెనీలు ట్యాక్సులు కలిపే రేటు చూపిస్తున్నాయి, ఇదివరకు అవి చివరి పేజీలో ప్రత్యక్షమయ్యేవి. మెక్సికో కూడా 2025 జూలై నుంచి క్రూజ్‌లో వచ్చే ప్రతి మనిషికీ పన్ను వేస్తోంది, మొదట్లో 42 డాలర్లు అన్నారు, గొడవయ్యాక 5తో మొదలెట్టారు.

టిప్స్ మాత్రం ఆ రేటులో లేవు. గ్రాట్యుటీ అని రోజుకి మనిషికి 17, పాపకి కూడా. అయిదుగురికి అయిదు రోజులు 425. నాన్న పెన్ను ఆగిపోయింది. "టిప్పు అంటే మనం ఇష్టపడి ఇచ్చేది కదా, ముందే వసూలు చేస్తే అది జీతం" అన్నారు. షిప్ ఎక్కాక కౌంటర్‌లో అడిగితే తీసేస్తారట అని ఎక్కడో విని ఆ విషయం పుస్తకంలో పక్కన చుక్క పెట్టి రాసుకున్నారు.

తర్వాత ఇన్సూరెన్స్. అమ్మావాళ్లకి విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉన్నా, పాలసీ తీసి చదివితే షిప్ మీద డాక్టర్‌కి చూపిస్తే ఇస్తాడా ఇవ్వడా అన్నది నాకు తేలలేదు. షిప్‌లో డాక్టర్ ఉంటాడు గానీ ఆ బిల్లు నేరుగా మన గది ఖాతాలో పడుతుంది, నడిసముద్రం నుంచి హాస్పిటల్‌కి తరలించాల్సి వస్తే అది ఇల్లు తాకట్టు పెట్టే ఖర్చు. అరవై అయిదు దాటిన ఇద్దర్ని పెట్టుకుని అక్కడ పిసినారితనం చెయ్యలేను, అయిదుగురికీ కలిపి ట్రావెల్ ఇన్సూరెన్స్ 235 పెట్టా. ఇంక సన్‌స్క్రీన్, నాన్నకి టోపీ, పాపకి స్విమ్‌సూట్, అమ్మకి చీర మీద వేసుకోడానికి ఓ గాలి కోటు, వాంతుల మాత్రలు, 120.

వీసా సంగతి ఒక్క ముక్క. అమెరికా వీసా వ్యాలిడ్‌గా ఉన్న ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు, కాబట్టి అమ్మావాళ్ల విజిటర్ వీసా సరిపోయింది, మా ఇద్దరికీ పోయిన ఏడే స్టాంపింగ్, అంటే పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా, అయింది. ఆ స్టాంపింగ్ గడువు తీరిపోయిన వాళ్లు మాత్రం రేట్లు చూసే ముందు లాయర్‌ని అడగండి, లేకపోతే క్రూజ్ ఖర్చులో ఇండియా టికెట్ కూడా కలుపుకోవాలి.

డ్రింక్స్ ప్యాకేజ్ గురించి మా ఆయన ఓ రాత్రంతా ఎక్సెల్ వేశారు. రోజుకి 70, పైన 18 శాతం సర్వీస్, ఒక గదిలో ఒకరు తీసుకుంటే రెండో పెద్ద మనిషి కూడా తీసుకోవాలి. అంటే నేను కాఫీ తాగినందుకు కూడా కట్టాలి. మొత్తం 826. "అంత తాగితే మావయ్య గారి ముందు నేను నిలబడలేను" అని ఆయనే మూసేశారు.

ఆదివారం

పొద్దున్నే 6కి బయల్దేరాం. ఐ-45 ఎక్కితే గాల్వెస్టన్‌లోనే ఆ రోడ్డు అయిపోతుంది, దారి తప్పే ఛాన్సే లేదు. బక్కీస్‌లో ఆగాం, నాన్న బాత్రూంలు చూసి వచ్చి పెట్రోల్ బంకులో ఇంత శుభ్రమేంటని అరగంట మాట్లాడారు. కాస్త పక్కకి తిరిగి పేర్లాండ్ మీనాక్షి గుడికి వెళ్లాం, అమ్మ కోసమే, సముద్రం ఎక్కే ముందు అమ్మవారిని చూడాలని పట్టు. దారి తిండి వెళ్లేటప్పుడు వచ్చేటప్పుడు కలిపి 110, పెట్రోల్ 75.

షిప్ సోమవారం కదా, ఆ పొద్దున్నే ఫ్రిస్కో నుంచి బయల్దేరితే చాలదా అని మా ఆయన వాదన, అయిదు గంటల దారి, హ్యూస్టన్ ట్రాఫిక్, ఒక టైరు పంచరైతే 2,985 నీళ్లలో. హోటల్ 168. అది దండగ ఖర్చు కాదని ఇప్పటికీ అంటా.

సాయంత్రం ఖాళీగా ఉంటే బొలివార్ ఫెర్రీ ఎక్కాం. స్టేట్ వాళ్ల హైవే డిపార్ట్‌మెంట్ నడుపుతుంది, కారుతో సహా పూర్తిగా ఉచితం, ఇరవై నిమిషాలు నీళ్ల మీద. గూడకొంగలు పక్కనే ఎగురుతూ వస్తాయి, రెండు డాల్ఫిన్లు కూడా కనిపించాయి, పాప అరుపులు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని "బాగుందే, ఇదే క్రూజ్ అనుకుని ఇంటికెళ్లిపోదామా" అంది. నాన్న చిట్టాలో "పడవ - 0" అని రాసి కింద రెండు గీతలు కొట్టారు.

తిరిగి వస్తుంటే సీవాల్ మీద, అంటే సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ మీద, తుఫాను స్మారకం దగ్గర ఆగాం. 1900 సెప్టెంబర్ 8న వచ్చిన తుఫానుకి ఈ ఊళ్లో ఆరు వేల మందికి పైగా పోయారు, ఆ తర్వాతే ఈ గోడ కట్టారు. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. 77 నవంబర్ దివిసీమ ఉప్పెనప్పుడు ఆయన కాలేజీలో ఉన్నారట, బియ్యం మూటలతో లారీ ఎక్కి వెళ్లారట. ఆ సంగతి నాకు ఇన్నేళ్లూ చెప్పలేదు.

సోమవారం

పార్కింగ్ ముందే బుక్ చేశాం, 95. సూట్‌కేసులు అందుకునే పోర్టర్‌కి 10, అక్కడే మొదలవుతుంది చేతి డబ్బు.

సెక్యూరిటీలో మా బ్యాగు ఆగింది. తెరిస్తే అమ్మ చీరల మధ్య చిన్న రైస్ కుక్కర్. నాకు తెలీదు, ఒట్టు. కుక్కర్లు, కెటిల్స్, ఇస్త్రీ పెట్టెలు షిప్‌లోకి రానివ్వరు, అగ్గి భయం. "కాస్త అన్నం ఉడకేసుకుంటే వాళ్లకేం పోయింది, బియ్యం కూడా మనవే" అని అమ్మ ఆ సెక్యూరిటీ ఆవిడకి తెలుగులోనే చెప్తోంది, ఆవిడ నవ్వుతూ చీటీ రాసి ఒక ముక్క మాకిచ్చి కుక్కర్ షెల్ఫ్ మీద పెట్టింది. దిగేటప్పుడు తీసుకోవాలట. అప్పటికే ఆ షెల్ఫ్ మీద ఇంకో మూడు కుక్కర్లు ఉన్నాయి, ఒకటి ప్రెస్టీజ్. మన వాళ్లు షిప్‌లో ఉన్నారని అలా తెలిసింది.

ఎక్కగానే కార్డు ఇస్తారు, గది తాళం అదే, పర్సు అదే. లోపల డబ్బు చెల్లదు, ఏది కొన్నా కార్డు తాకించడమే, ఖాతాలో పడుతుంది. నాన్నకి ఇది అస్సలు నచ్చలేదు. "డబ్బు చేతిలోంచి పోతుంటే తెలియాలి. తెలియకుండా పోతే దాన్ని ఖర్చు అనరు, కన్నం అంటారు."

మధ్యాహ్నం బఫే. ఏది ఫ్రీ ఏది కాదు అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి, గోడకి బోర్డేం ఉండదు. మా షిప్‌లో బఫే, పెద్ద డైనింగ్ హాల్, పిజ్జా, మిషన్ ఐస్‌క్రీం, నిమ్మరసం, మామూలు కాఫీ టీ ఫ్రీ. కోక్ ఫ్రీ కాదు. పక్కనే నురగ కాఫీ ఇచ్చే కౌంటర్ ఫ్రీ కాదు, స్టీక్ హౌస్ ఫ్రీ కాదు. పూల్ దగ్గర రంగురంగుల గ్లాసు ట్రేలో పెట్టుకుని నవ్వుతూ వచ్చేవాడు ఎప్పుడూ ఫ్రీ కాదు. పాప ఒకటి తీసేసుకుంది, 7 డాలర్ల 50 సెంట్లు, పైన 18 శాతం.

మంగళవారం, రోజంతా సముద్రం

అమ్మకి తల తిరుగుడు. మంచం మీద నుంచి లేవలేదు. నేను కొన్న మాత్రలు కారు డాష్‌బోర్డులో ఉన్నాయి, కారు గాల్వెస్టన్‌లో ఉంది. షాపులో కొందామని వెళ్తుంటే కౌంటర్‌లో ఒకమ్మాయి మేమే ఇస్తాం అని రెండు చిన్న ప్యాకెట్లు ఊరికే ఇచ్చింది, బఫేలో పచ్చ యాపిల్ తినమంది. మాత్ర, యాపిల్, అమ్మ కొంగు చివర మూట కట్టుకొచ్చిన శొంఠి ముక్క, మూడింట్లో ఏది పనిచేసిందో గానీ మూడింటికల్లా లేచి కూర్చుంది. కుక్కర్ పట్టుకున్నారు గానీ కొంగు ఎవరు చూస్తారు.

రాత్రి డైనింగ్ హాల్లో అసలు కథ. టేబుల్‌కి వచ్చిన కుర్రాడు పేరు బ్యాడ్జ్ కింద ఇండియా అని ఉంది, అమ్మ వెంటనే "ఏ ఊరు బాబూ" అంది. వైజాగ్. అంతే. మర్నాటి నుంచి మాకు మెనూ కార్డు ఇవ్వలేదు. ముందు రోజు చెప్తే ఇండియన్ వెజిటేరియన్ చేసి పెడతారు, దానికి అదనంగా ఏమీ లేదు, చాలామందికి తెలీక డబ్బు పోసి స్పెషల్ రెస్టారెంట్లకి వెళ్తారు. పప్పు, ఆలూ కూర, అన్నం. పెరుగు పొద్దున బఫేలో ఉండేది ఒక గిన్నె తీసి పెట్టాడు అమ్మ కోసం. పెరుగన్నం కలుపుకుని తింటున్న అమ్మని చూసి పక్క టేబుల్ అమెరికన్ ఆవిడ అది ఏం డెజర్ట్ అని అడిగింది.

నాన్న ఆ అబ్బాయిని ఇంటర్వ్యూ చేశారు. కాంట్రాక్ట్ ఎన్నాళ్లు, ఎనిమిది నెలలు అండి. మధ్యలో సెలవు? ఉండదండి, పూట పూటకీ మధ్య గంటలే. ఇంటికెంత పంపుతావు? అది చెప్పాడు. అందులో ఈ టిప్పుల వాటా ఎంత? అది కూడా చెప్పాడు. నాన్న ఇంకేం అడగలేదు, పండు తిన్నారు. గదికొచ్చాక పుస్తకం తీసి, కౌంటర్‌లో అడగాలి అని పెట్టుకున్న చుక్క ఉంది కదా, దాన్ని గీటు పెట్టి కొట్టేశారు. 425 అలాగే ఉంది.

ఆ రాత్రి అందరూ ముస్తాబయ్యే రాత్రి. నలుగురు ఫోటోగ్రాఫర్లు తెరలు కట్టుకుని నిలబడతారు. తియ్యడం ఫ్రీ, కొనడం 22. అమ్మ పోచంపల్లి చీర, నాన్న పాత సఫారీ సూటు, ఫోటో చూస్తే వదల్లేకపోయా. రెండు తీసుకున్నా, 44.

వైఫై ఒక్క ఫోన్‌కి 5 రోజులకి 100. మా ఆయన ఆఫీసు వాళ్ల కోసం తప్పలేదు, మిగతా అందరం ఎయిర్‌ప్లేన్ మోడ్. మన ప్లాన్‌లో మెక్సికో ఫ్రీ అని ధీమా పడకండి, నడిసముద్రంలో ఫోన్ పట్టుకునేది మెక్సికో టవర్ కాదు షిప్ వాళ్లది, దాని రేటు వేరు.

బుధవారం, కొజుమెల్

షిప్ వాళ్ల టూర్ అయితే మాయా గుడులు (మాయా అంటే ఇక్కడి పాతకాలపు జాతి), బీచ్ కలిపి మనిషికి 89, అంటే 445. మేం దిగి బయటికి నడిచాం. రేవులోంచి బయటపడాలంటే వజ్రాలు, టెకీలా, వెండి షాపుల మధ్య నుంచే నడిపిస్తారు, తిరుపతిలో దర్శనం అయ్యాక బొమ్మల కొట్ల వీధి గుర్తొచ్చింది. బయట టాక్సీలకి రేట్ల బోర్డు ఉంటుంది, కానీ ఆ రేటు నలుగురికి, మనం అయిదుగురం. వ్యాను మాట్లాడుకున్నాం, మూడున్నర గంటలకి 110, చివర్లో 15 ఇచ్చాం. కొజుమెల్ దీవి, షిప్ కళ్ల ముందే ఉంటుంది, ఇక్కడ సొంతంగా తిరిగితే పెద్ద రిస్క్ లేదు. ఆ ధైర్యం అన్ని ఊళ్లలో చెయ్యకూడదని మర్నాడు తెలిసింది.

శాన్ గెర్వాసియో వెళ్లాం, టికెట్లు అందరివీ కలిపి 60. పెద్ద పిరమిడ్లు ఏం ఉండవు, అడవిలో చిన్న చిన్న రాతి మండపాలు, తెల్ల రాతి బాటలు, ప్రతి రాయి మీద ఒక ఇగ్వానా ఎండ కాగుతూ. ఈష్‌చెల్ అనే దేవత కోసం ఇక్కడికి పూర్వం మాయా ఆడవాళ్లు సముద్రం దాటి పడవల్లో వచ్చేవాళ్లట, కానుపు చల్లగా కావాలని మొక్కుకోడానికి. ఇది చెప్పగానే అమ్మ చెప్పులు విడిచింది. ఎండకి రాయి కాలుతోంది, అయినా విడిచింది, ఆ ఖాళీ మండపం ముందు చేతులు జోడించి నిలబడింది. లోపల విగ్రహం లేదమ్మా అంటే "ఉన్నప్పుడు ఎంతమంది కన్నీళ్లు చూసిందో" అని కళ్లు మూసుకుంది. నాన్న ఇగ్వానాని తొండకి మేనమామ అన్నారు.

భోజనం ఊళ్లో 48, బీన్సు, అన్నం, ఏదో పచ్చిమిర్చి పచ్చడి, దానితోనే నాన్న సగం పళ్లెం తిన్నారు. కొబ్బరి బోండాలు 15, తెనాలి రేటు చెప్పి అమ్మ అందర్నీ ఏడిపించింది. మొత్తం 248. షిప్ టూర్ కంటే 197 తక్కువ, అది నాన్న వేరే పేజీలో రాశారు, మిగులు అని.

గురువారం, ప్రోగ్రెసో

ఇక్కడ సముద్రం ఎంత లోతు తక్కువంటే పెద్ద షిప్ ఒడ్డుకి రాలేదు, అందుకని ఆరున్నర కిలోమీటర్ల పొడవు రేవు కట్టారు నీళ్లలోకి. షిప్ నుంచి ఊళ్లోకి బస్సు, అది ఫ్రీ.

మాయా వాళ్ల పెద్ద పిరమిడ్ ఉన్న చిచెన్ ఇట్జా ఇక్కడి నుంచి బస్సులో దాదాపు రెండు గంటలు పోను, రెండు గంటలు రాను. ఇది సొంతంగా వెళ్లే ఊరు కాదు. షిప్ వాళ్ల టూర్ అయితే బస్సు లేటైనా షిప్ ఆగుతుంది, మన టాక్సీ లేటైతే షిప్ చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోతుంది, తర్వాత ఫ్లైట్ టికెట్లు మన నెత్తిన. ఆ భరోసాకే మనిషికి 119. అమ్మ మోకాళ్లకి అంత ఎండ కుదరదు, నేనూ అమ్మ ఊళ్లో ఉండిపోయాం, ఆయన, పాప, నాన్న వెళ్లారు, మూడు 119లు 357, గైడ్‌కి 10, పాప రాతి పిరమిడ్ బొమ్మ 20, వెరసి 387. ఆ పిరమిడ్‌కి నాలుగు వైపుల మెట్లు 91 చొప్పున, పైన ఒకటి, మొత్తం 365 అని పాప లెక్క చెప్పింది, ఎక్కనివ్వరు, కింద నుంచే. కింద నిలబడి చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు వెనక్కి వస్తుందట. "తాతయ్య ఇరవై సార్లు కొట్టారు" అని కంప్లైంట్.

మేమిద్దరం సముద్రం ఒడ్డున నడిచాం. పక్క ఊరే చిక్షులుబ్, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం డైనోసార్లని తుడిచిపెట్టిన ఆ ఉల్క పడ్డది ఆ చుట్టుపక్కలే. అమ్మకి చెప్తే చుట్టూ చూసి "గుంట పూడ్చేశారన్నమాట" అంది.

ఒక కొట్లో నూలు ఉయ్యాలలు వేలాడుతున్నాయి, ప్రోగ్రెసో ఉన్న యుకటాన్ రాష్ట్రంలో అదే స్పెషల్. కొట్టువాడు 80 అన్నాడు. అమ్మ పుట్టిల్లు మంగళగిరి, నేతగాళ్ల వీధిలో పెరిగింది. ఉయ్యాల అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య దారం నలిపింది, వెలుతురుకి ఎత్తి కన్ను దగ్గర పెట్టి చూసింది, ఒక పోగు లాగి వదిలి "ఇది నూలు కాదు, కలిపాడు" అని పక్కన పడేసింది. వాడికి తెలుగు రాదు గానీ ఆ వేళ్లు అర్థమయ్యాయి. లోపలికెళ్లి ఇంకోటి తెచ్చాడు. మళ్లీ నలిపింది, ఈసారి తల ఊపింది. 45కి ఇచ్చాడు, ఇచ్చి అమ్మకి దండం కూడా పెట్టాడు. తర్వాత ఒడ్డున రెండు కుర్చీలు, నిమ్మరసం, 22. రోజు ఖర్చు 67.

ఇంక ఇక్కడే గండం తప్పింది. అందరూ 4:30కల్లా షిప్‌లో ఉండాలి. నా ఫోన్ 3:05 చూపిస్తోంది, బోలెడు టైం అనుకుని ఇసుకలో కూర్చున్నాం. పక్కన మా షిప్ కార్డు మెడలో వేసుకున్న పెద్దాయన లేస్తూ "మీరు రావట్లేదా" అన్నాడు. వాచీ చూపించాడు, 4:05. టెక్సస్‌లో వారం క్రితమే వేసవి టైం అని గడియారం గంట ముందుకి తిప్పాం, మెక్సికోలో చాలా చోట్ల ఆ తిప్పడం 2022లోనే మానేశారు, నా ఫోన్ తెలివిగా ఇక్కడి టైంకి మారిపోయింది, షిప్ మాత్రం టెక్సస్ టైంలోనే ఉంది. కొజుమెల్ టైం జోన్ వేరు, నిన్న అక్కడ రెండు టైములూ ఒకటే కాబట్టి తెలియలేదు. అమ్మ మోకాళ్లు ఎక్కడికి పోయాయో గానీ ఉయ్యాల చంకలో పెట్టుకుని నాకంటే ముందు బస్సు దగ్గర ఉంది. 4:22కి కార్డు గీకాం. ఆ ఎనిమిది నిమిషాలు తేడా పడితే ఈ లెక్క అయిదు వేలతో ఆగేది కాదు. నాన్న పాత హెచ్ఎంటీ వాచీని ఆ రోజు నుంచి నేను ఎగతాళి చెయ్యట్లేదు, అది ఎక్కడికెళ్లినా టైం మార్చుకోదు.

శుక్రవారం, మళ్లీ సముద్రం

టీవీలో ఖాతా చూడొచ్చని నాన్నే కనిపెట్టారు. చూస్తే ఆర్కేడ్ అని 38 డాలర్లు, పదకొండు ఎంట్రీలు. పాప బొమ్మలు పీకే మిషన్‌కి కార్డు తాకించుకుంటూ పోయింది, దానికి అది గేమ్ కార్డు అనిపించింది పాపం. పిల్లల కార్డుకి ఖర్చు పెట్టే వీలు ఆపేయమని మొదటి రోజే కౌంటర్‌లో చెప్పొచ్చు, నేను అయిదో రోజు చెప్పా. వచ్చింది ఒక్క పసుపు బాతు. నాన్న దాన్ని "38 డాలర్ల బాతు" అని పేరు పెట్టి పిలుస్తున్నారు ఇప్పటికీ.

బీర్లు, పాప రంగు గ్లాసులు, నా నురగ కాఫీలు కలిపి 71. ప్యాకేజ్ 826 అన్నాడు కదా. వైఫై, ఫోటోలు, బాతు అన్నీ కలిపితే షిప్ ఖాతా 253. మేం క్రెడిట్ కార్డు పెట్టాం, మా టేబుల్‌లో ఒక కుటుంబం డెబిట్ కార్డు పెట్టి తిప్పలు పడ్డారు, వాడిన దానికంటే ఎక్కువ బ్యాంకులో పట్టేసుకుని కొన్ని రోజులు వదలడు, ఇంటికెళ్లే పెట్రోల్‌కి కూడా ఆలోచించాల్సొచ్చింది వాళ్లకి.

చివరి డిన్నర్. గది సర్దే ఆయనకి 20, వైజాగ్ అబ్బాయికి 20, ఇవి ఆ 425 కాక. వైజాగ్ అబ్బాయికి నాన్నే ఇచ్చారు, చేతిలో పెట్టి వేళ్లు మూసి. అమ్మ అయితే వాళ్లమ్మ నంబర్ తీసుకుంది.

శనివారం

పొద్దున 7కి గాల్వెస్టన్‌లో దిగాలి. మా గదికి కిటికీ లేదు కదా, లాబీకొచ్చి కిటికీ తెర తీస్తే తెల్లగా ఉంది అంతా, ఏం కనపడట్లేదు. పొగమంచు. ఈ సీజన్‌లో గాల్వెస్టన్‌కి ఇది మామూలేనట, మంచు విడిచేదాకా షిప్పులు రేవులోకొచ్చే ఛానెల్ మూసేస్తారు, షిప్పులు బయట గల్ఫ్‌లో లైను కట్టి నిలబడతాయి. హారన్ ఒకటి నిమిషానికోసారి మోగుతూ. 11 గంటల ఫ్లైట్లు పెట్టుకున్న వాళ్లంతా కౌంటర్ దగ్గర, ఒకావిడ ఏడుస్తోంది, ఫ్లైట్ మార్చడానికి నలుగురికి ఎంతో చెప్పింది వింటే నాకే కడుపులో తిప్పింది. దిగే రోజు మధ్యాహ్నం లోపు ఫ్లైట్ పెట్టుకోకండి బాబూ. కారులో వచ్చాం కాబట్టి మాకు పోయిందేం లేదు, పైగా లేటైందని బఫేలో మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారు. నాన్న దాన్ని జమ వైపు రాశారు.

3 దాటాక దిగాం. చీటీ చూపించి కుక్కర్ తీసుకున్నాం. ప్రెస్టీజ్ వాళ్లు మా వెనకే, హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటారట, గోంగూర ఎక్కడ దొరుకుతుందో మాట్లాడుకున్నాం.

రాత్రి పదకొండింటికి ఇల్లు. అమ్మ ముందు కుక్కర్ పెట్టింది, నాన్న డైనింగ్ టేబుల్ మీద పుస్తకం పరిచారు. నా ఫోన్‌లో నా లెక్క 5,218. మనిషికి వెయ్యి దాటింది, యాడ్ చూసి మేం అనుకున్న 1,945కి రెండున్నర రెట్ల పైనే. మా ఆయన "హవాయి వెళ్లొచ్చేవాళ్లం" అన్నారు, పాప బాతుని పట్టుకుని సోఫాలో నిద్రపోయింది.

నాన్న మాత్రం లేవట్లేదు. ఖర్చు కలుస్తోంది, కానీ చేతి నిల్వ 7 డాలర్లు తక్కువొస్తోందట. జేబులు చూశారు, కళ్లజోడు పెట్టె చూశారు, నన్ను కొజుమెల్ కొబ్బరి బోండాలు మళ్లీ చెప్పమన్నారు. పడుకోండి నాన్నా 7 డాలర్లే కదా అంటే ఒక చూపు చూశారు, ఆ చూపు బ్యాంకులో క్లర్కులకి తెలుసు. పన్నెండున్నరకి అమ్మ అన్నం గిన్నె తెచ్చి పెడుతూ, ఎటో చూస్తూ, "పక్కింటి వాళ్లకి ఫ్రిజ్ మీద అంటించేది ఒకటి కొన్నాను లెండి ఆ ఉయ్యాల ఊళ్లో, మీ జేబులోంచే తీశా" అంది.

నాన్న పెన్ను మూత తీసి, అయస్కాంతం - 7 అని రాశారు. నేను ఫోన్‌లో 5,225 అని మార్చా.